నా పేరు పక్కన ఇంకో పేరు

మార్చి 3, సోమవారం

పని నోట్సు కోసమని స్టోరులో అడిగి కొత్త నోటుబుక్కు తెచ్చుకున్నాను. మొదటి పేజీలోనే సొంత గోల మొదలుపెడుతున్నాను. కంప్యూటర్లో మాత్రం రాయను. పదకొండేళ్ళుగా వాటికి కాపలా కాస్తున్నదాన్ని, అందులో ఏది ఎవరు చూడగలరో నాకు తెలుసు.

శనివారం మెయిల్ పనంతా ముసలమ్మ దగ్గర్నుంచి తీసి కొత్తకోడలికి అప్పగించాను. మా వాతావరణ కేంద్రంలో యూనిక్స్ మీద నడిచే పెద్ద కంప్యూటర్లు మూడున్నాయి, మూడూ మూడు కాలాలవి. ముసలమ్మకి పదహారేళ్ళు. మేడ మీది వానకొలత పరికరాలు ఆవిడతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడవు కాబట్టి ఇంకా బతకనిస్తున్నాం. నడిపమ్మ మ్యాపులు గీస్తుంది. కొత్తకోడలు వచ్చి రెండు నెలలైంది, అన్నీ తనకే తెలుసంటుంది. వీటికి తోడు నెట్‌వర్క్ మీద డైరెక్టరీ ఒకటుంది. ఇక్కడ పనిచేసే నూట నలభై మూడు మంది పేర్లు, నంబర్లు, ఎవరి ఉత్తరం ఏ పెట్టెలో పడాలన్న సంగతీ అన్నీ అందులోనే. ఏ యంత్రానికి ఎవరి గురించి తెలియాలన్నా వెళ్ళి ఆ డైరెక్టరీని అడగాలి. అడుగుతాయనే నేననుకుంటాను, ఎవరి పద్ధతి వాళ్ళది.

పొద్దున్నే మ్యాపుల గది వాళ్ళు వచ్చారు. నడిపమ్మ మీద ఫైళ్ళ పక్కన మనుషుల పేర్లు పోయి ఒట్టి నంబర్లు కనిపిస్తున్నాయట. ఒకావిడ నన్ను 1047 చేసేశారండీ అని నవ్వింది.

మధ్యాహ్నం అన్నయ్య. అన్నయ్యంటే తోడబుట్టినవాడు కాదు, మా విభాగం హెడ్డు. నాకు ఈ పని చేయిపట్టి నేర్పిన మనిషి. పదకొండేళ్ళుగా ఒకే బల్ల దగ్గర భోజనం చేస్తున్నాం. శనివారం నుంచి తన మెయిల్స్ తగ్గాయని, పేర్లు వెతకడంలో ఎక్కడో తేడా జరుగుతోందని అన్నాడు. ఎవరి దగ్గర్నుంచి రావలసినవి రాలేదో చెబితే పట్టుకుంటానన్నాను.

"అది తెలిస్తే నీ దగ్గరికెందుకు వస్తానమ్మా," అన్నాడు.

నిజమే. రాని ఉత్తరం గురించి ఎవరు మాత్రం ఏం చెప్పగలరు.

మార్చి 4, మంగళవారం

నడిపమ్మ జబ్బు తెలిసింది. డైరెక్టరీ చెప్పిన జవాబుల్ని అది గంటసేపు తన దగ్గర దాచుకుంటుంది, మాటిమాటికీ వెళ్ళి అడగకుండా. శనివారం నేను డైరెక్టరీని పది నిమిషాలు ఆపినప్పుడు అడిగి, ఎవరూ పలక్కపోతే 'ఆ పేరు గలవాళ్ళు లేరు' అని దాచుకుంది. గంట తర్వాతైనా పారెయ్యాలి కదా, ఆ పారేసే ప్రోగ్రామే చచ్చి కూర్చుంది. లేరన్న మాటని మూడు రోజులుగా ముద్దు చేస్తోంది. ఆ ప్రోగ్రామును చంపి మళ్ళీ లేపాను. 1047 గారు మళ్ళీ మనిషయ్యారు.

అన్నయ్య మెయిల్స్ సంగతి చూశాను. పరీక్షకి నేను మూడు పంపాను, మూడూ చేరాయి. జబ్బేమీ కనిపించలేదు. అదే చెబితే మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఇంకా లోతుగా చూడమన్నాడు.

మార్చి 5, బుధవారం

వచ్చింది. సముద్ర పరిశోధన సంస్థ వాళ్ళ మెయిల్, పొద్దున తొమ్మిదింబావుకి. నన్ను ఎంపిక చేశారు. కంప్యూటర్ విభాగానికి పూర్తి బాధ్యురాలిగా. కాకపోతే ఒక్క షరతు. ప్రస్తుతం పనిచేస్తున్న చోట హెడ్డు సంతకంతో సిఫారసు ఉత్తరం ఈ నెల 28 లోగా వాళ్ళకి చేరాలి.

ఏడాది క్రితం కూడా ఇక్కడిదాకా వచ్చింది. ఆ ఉత్తరం వాళ్ళకి చేరలేదు. అన్నయ్య పోస్టు చేశానన్నాడు. పోస్టు వాళ్ళని నెలరోజులు తిట్టుకున్నాను. ఈసారి కూడా పోతే ఇంకోసారి అడగరు, ఆ మాట వాళ్ళే మర్యాదగా రాశారు. నాకు ముప్ఫై తొమ్మిది. అమ్మ మోకాళ్ళు ఇప్పటికే మూడంతస్తుల మెట్లెక్కనంటున్నాయి, వాళ్ళు నేలమీద ఇల్లిస్తారట. అమ్మ సంగతి వదిలేసినా, నాకు కావాలి. నాకే కావాలి.

ఈసారి దరఖాస్తు పెట్టిన సంగతి అక్కకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఎంపికైన సంగతి అన్నయ్యకి చెప్పలేదు, దిష్టి తగులుతుందని కాదు, ఎందుకో నోరు రాలేదు. దరఖాస్తు పెడుతున్నాను, ఉత్తరం అడిగారు అని మాత్రం అన్నాను. అన్నయ్య ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. జనవరిలో కూడా ఓ రోజు వరండాలో ఎదురై, సముద్రపు గాలి నీకు పడదులే అని నవ్వాడు. మనసులో మాట అలా పట్టేస్తాడు. రాస్తాలే, తొందరేముంది అన్నాడు. పెద్దమనసు.

మార్చి 6, గురువారం

ఉత్తరం గుర్తు చేశాను. రాస్తానన్నాడు.

మార్చి 7, శుక్రవారం

గుర్తు చేశాను. రాస్తానన్నాడు. ఎక్కడి నుంచైనా కబురొచ్చిందా అని అడిగాడు. లేదన్నాను. అన్నయ్యతో నేను చెప్పిన మొదటి అబద్ధం ఇదేననుకుంటాను. సిగ్గేసింది.

మార్చి 10, సోమవారం

తన మెయిల్స్ గురించి మళ్ళీ అడిగాడు. ఇది మూడోసారి. ఈసారి మందు కూడా తనే చెప్పాడు. ముసలమ్మ దగ్గర చిరునామాల ఫైలు ఏదుందో దాన్ని అక్షరం మార్చకుండా కొత్తకోడలికి ఎక్కించెయ్యి, దెబ్బకి దారికొస్తుంది అన్నాడు.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకనిపించింది. ముందు మూడింటినీ అడిగి చూస్తానన్నాను. అంత ఓపికెందుకమ్మా, ఎక్కించెయ్యి చాలు అన్నాడు.

ఉత్తరం ఊసెత్తితే ఫోను మోగింది.

మార్చి 12, బుధవారం

ఉన్నదున్నట్టు రాసుకుంటాను.

చిన్న ప్రోగ్రాము రాశాను. నూట నలభై మూడు పేర్లకీ, ఒక్కొక్కరికి ఉత్తరం వస్తే ఏ పెట్టెలో వేస్తావని మూడు యంత్రాల్నీ అడగడం, జవాబులు పక్కపక్కన పెట్టి తేడా ఉన్నవి మాత్రం చూపించడం. టీ తాగి వచ్చేసరికి అయిపోయింది.

నూట నలభై రెండు పేర్లకి మూడూ ఒకే మాట చెప్పాయి. ఒక్క పేరు దగ్గర ముసలమ్మ వేరే మాట చెప్పింది. నా పేరు.

కొత్తకోడలు చెప్పింది: ఈమె ఉత్తరాలు ఈమె పెట్టెలో. నడిపమ్మ కూడా అంతే. ముసలమ్మ చెప్పింది: ఈమె ఉత్తరాలు ఈమె పెట్టెలో, ఇంకొకటి అన్నయ్య పెట్టెలో.

ప్రోగ్రాములో తప్పనుకుని చేత్తో అడిగాను. అదే జవాబు. మూడుసార్లు అడిగాను.

తేడా ఎందుకొచ్చిందో వెంటనే తెలిసింది, అది నా పనే కదా. కొత్త యంత్రాల్లో ముందు ఎవరిని అడగాలో చెప్పే చిన్న ఫైలొకటి ఉంటుంది, అందులో డైరెక్టరీని మాత్రమే అడగమని నేనే రాశాను. ముసలమ్మ కాలంలో అలాంటి ఫైలు లేదు. ఆవిడ ముందు తన సొంత కాగితం, అదే ఆ చిరునామాల ఫైలు, చూసుకుంటుంది, అక్కడ పేరు దొరికితే ఇక డైరెక్టరీ గుమ్మం తొక్కదు. ఆ సొంత కాగితంలో నా పేరు ఉంది. నా పేరు పక్కన నా పెట్టె, కామా పెట్టి అన్నయ్య పెట్టె. ఫిబ్రవరి నెలాఖరు దాకా మెయిలంతా ముసలమ్మ చేతుల మీదుగానే నడిచింది.

అందుకే అన్నయ్య మెయిల్స్ తగ్గాయి. అవి అన్నయ్యవి కావు.

మార్చి 13, గురువారం

నిన్న ఎందుకంత కంగారుపడ్డానో. మూడేళ్ళ క్రితం అమ్మకి ఆపరేషనైనప్పుడు నెల్లాళ్ళు సెలవు పెట్టాను కదా. నా మెయిల్స్ మీరు చూస్తుండండి అన్నయ్యా అని నేనే చెప్పాను. అప్పుడు పెట్టిన లైను. తియ్యడం మర్చిపోయాం. పాత ఇళ్ళలో పాత మేకులు ఉండవా. అన్నయ్యకి కూడా గుర్తుండదు, ఏవో అదనపు కాగితాలు వస్తున్నాయనుకుని చూడకుండా పారేస్తూ ఉంటాడు.

చూడకుండా పారేసే మనిషికి అవి తగ్గాయని ఎలా తెలిసింది, అని ఒక ప్రశ్న. ఆ ప్రశ్నని పక్కన పెడుతున్నాను.

భోజనం దగ్గర మామూలుగానే మాట్లాడాను. అమ్మ మోకాళ్ళెలా ఉన్నాయని అడిగాడు. ఆ కొత్త మాత్రలు పడ్డాయా అన్నాడు. కొత్త మాత్రల సంగతి పోయిన నెల అక్కకి రాశానే తప్ప ఇతనికి చెప్పానా? చెప్పే ఉంటాను.

చెప్పే ఉంటాను.

మార్చి 14, శుక్రవారం

ఆ లైను నేనే తీసేశాను. సెలవు నుంచి వచ్చిన రోజే. పొద్దున పళ్ళు తోముకుంటుంటే గుర్తొచ్చింది. తీసేసి, తీసేశానన్నయ్యా, ఇక మీకు నా గోల ఉండదు అని చెప్పాను కూడా. నవ్వుకున్నాం.

ఒక్క దారే ఉంది, టేపులు. మా కేంద్రంలో యంత్రాల మీద ఉన్నదంతా వారం వారం టేపులకెక్కించి కింది గదిలో పెడతారు. ఆ గది టేపుల తాత చేతిలో ఉంటుంది. వచ్చే ఏడు రిటైరవుతాడు, ఇంతవరకూ ఒక్క టేపు పోగొట్టలేదు. ముసలమ్మవి మూడేళ్ళవి కావాలంటే తల పైకెత్తి చూశాడు. ఎందుకని అడగలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా అని చెక్కపెట్టెలు దింపి ఇచ్చాడు.

ఒక్కొక్కటే ఎక్కించి చూశాను. మూడేళ్ళ క్రితం ఏప్రిల్‌లో లైను ఉంది. మే నెలలో లేదు, నేను తీసేశాను. జూన్ లేదు, జూలై లేదు, ఆ ఏడాదంతా లేదు. ఆ పై ఏడు అక్టోబరు రెండో వారం టేపులో మళ్ళీ ఉంది. మధ్యలో పదిహేడు నెలలు లేనిది, తనంతట తాను పుట్టదు. అప్పట్లో ముసలమ్మ తాళాలు, అంటే లోపల ఏదైనా మార్చగల పాస్‌వర్డు, ఇద్దరి దగ్గరే ఉండేవి. ఆ ఇద్దరిలో ఒకదాన్ని నేను.

టేపు పాడైందేమో, పాత టేపు తప్పు చదివిందేమో అని తాతని అడిగాను. ఒకటికి రెండుసార్లు అడిగాను.

"టేపుకి అబద్ధమాడే తెలివెక్కడిదమ్మా," అన్నాడు. "నువ్వు కాసేపు కూచో. మంచినీళ్ళు తాగు."

కూచున్నాను. తాగాను.

ఆ అక్టోబరు నాకు బాగా గుర్తు. హెడ్డు పోస్టు కోసం ఇద్దరమూ రాసుకున్నాం. డిసెంబరులో ఇంటర్వ్యూ. యంత్రాలన్నిటినీ ఎలా ఒక తాటి మీదికి తేవాలో నేనొక పథకం రాసి, భాష దిద్దమని ముక్కలు ముక్కలుగా అక్కకి పంపేదాన్ని. అక్కకి జవాబు రాసేటప్పుడు కింద ఉన్న నా పాత ఉత్తరం తుడిచే అలవాటు లేదు. అక్క జవాబుతో పాటు నా పథకమంతా నా పెట్టెకి వచ్చేది. నా పెట్టెకొక్కదానికే అనుకున్నాను. ఇంటర్వ్యూలో అన్నయ్య చెప్పింది కూడా అదే పథకమని తర్వాత డైరెక్టరు అన్నప్పుడు, గురువూ శిష్యురాలూ కదండీ, ఆలోచన ఒకేలా సాగుతుంది అని నేను గర్వంగా చెప్పాను. గర్వంగా.

మార్చి 15, శనివారం

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

మార్చి 16, ఆదివారం

రాయకపోతే తల పగిలిపోయేలా ఉంది.

హెడ్డు పోస్టు పోతే పోయింది. పథకం పోతే ఇంకోటి రాసుకుంటాను. నన్ను తినేస్తున్నది అది కాదు. పోయినేడాది నాకు కుదిరిన సంబంధం వాళ్ళు ముహూర్తం దాకా వచ్చి మాట తప్పినప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఒక్క అక్కకి రాశాను. మర్నాడు నేను గదిలోకి అడుగుపెట్టగానే అన్నయ్య లేచి వచ్చి, ఇవాళ ఇంటికి వెళ్ళిపోమ్మా, ముసలమ్మని నేను చూసుకుంటాను అన్నాడు. ఏమైందని అడగలేదు. నా మొహం చూసి కనిపెట్టాడనుకున్నాను. చెప్పకుండానే నా మనసు తెలిసిన మనిషి లోకంలో ఒక్కడున్నాడని, ఇంటికెళ్ళే దారంతా ఏడుస్తూనే సంతోషపడ్డాను. ఆ ఒక్క సంతోషంతో ఏడాది గడిపాను.

మొహం చూసి కాదు. మెయిల్ చూసి.

ఇంటి దొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. పట్టలేకపోవడం మాట అలా ఉంచి, నేను దొంగకే రోజూ భోజనం దగ్గర పక్కన చోటు పెట్టాను.

అమ్మ అన్నం ముందు కూచుని అడిగింది, ఏమిటే మీ అన్నయ్య ఈ మధ్య ఇటు రావడమే లేదు అని. పనెక్కువ అన్నాను.

మార్చి 17, సోమవారం

పొద్దున టెలిఫోన్ బూత్ నుంచి అక్కకి ఫోను చేశాను. ఆఫీసు ఫోను ముట్టుకోబుద్ధి కాలేదు. అంతా చెప్పాను. డైరెక్టరు దగ్గరికెళ్ళి ఆ టేపులు బల్ల మీద పడెయ్యి అంది అక్క. పడేస్తే విచారణ వేస్తారు, విచారణ అయ్యేసరికి 28 దాటి ఎండాకాలం పోతుంది. సిఫారసు ఉత్తరం మీద సంతకం పెట్టాల్సింది అతనే. మన జుట్టు అతని చేతిలో ఉందక్కా అన్నాను.

నిజానికి కారణం అదొక్కటే కాదు. ఇంకా నాకు నమ్మకం కుదరడం లేదు. లైను పెట్టినంత మాత్రాన చదివాడని ఏముంది, అని లోపల ఒకటి గొణుగుతూనే ఉంది. టేపుల సాక్ష్యం చాలదు నాకు. ఆ మనిషి నోటి నుంచే వినాలి.

అక్కని ఒక మెయిల్ రాయమన్నాను. సముద్రం వాళ్ళు ఆ పోస్టే రద్దు చేశారని విన్నాను, బాధపడకు అని నన్ను ఓదారుస్తూ. అలా ఎక్కడా జరగలేదు. ఆ మాట ఎవరి నోటి నుంచైనా వచ్చిందంటే ఆ మెయిల్ చదివి ఉండాలి, ఇంకో దారి లేదు.

"పాడు పనే," అంది అక్క. "అయినా రాస్తాను. మీ బావ మీద ఒట్టేసి రాస్తాను, ఆయనకేమైనా అయితే పూచీ నీది."

అంత బాధలోనూ నవ్వొచ్చింది.

మార్చి 18, మంగళవారం

ముసలమ్మ చిరునామాల ఫైలు అక్షరం మార్చకుండా కొత్తకోడలికి ఎక్కించాను. ముందు సొంత ఫైలు చూడు, తర్వాతే డైరెక్టరీని అడుగు అని కొత్తకోడలికి నేర్పాను. అన్నయ్యతో చెప్పాను, మీరన్నట్టే చేశానని. చూశావా, పెద్దల మాట చద్దిమూట అన్నాడు. భుజం తట్టాడు.

మధ్యాహ్నం మూడింటికి అక్క మెయిల్ వచ్చింది. ఎంత బాగా రాసిందో, అబద్ధమని తెలిసీ నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఏ ఉత్తరం ఏ పెట్టెలో పడిందో యంత్రం రాసుకునే లాగ్ ఫైలు తెరిచి చూశాను. రెండు పెట్టెల్లో పడింది.

రేపు భోజనం దగ్గర అతను ఏమీ అనకూడదు. ఏమీ అనకపోతే ఆ టేపులు మళ్ళీ తాత గదిలో పెట్టేస్తాను, ఈ జన్మలో ఎత్తను. ఇదే కోరుకుంటున్నాను. పిచ్చిదాన్ని.

మార్చి 19, బుధవారం

అతను నాకంటే ముందే వచ్చి కూచున్నాడు. డబ్బా ఇంకా విప్పలేదు. నేను కూచోగానే ఒక కవరు నా వైపు జరిపాడు.

"మనసు కష్టపెట్టుకోకమ్మా," అన్నాడు. "కొన్ని మన మంచికే జరగవు. ఇదిగో, నువ్వడిగిన ఉత్తరం. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడైనా, ఇంకెక్కడికైనా పనికొస్తుంది. దగ్గరుంచుకో."

ఏం జరగలేదన్నయ్యా, దేని గురించి అని అడిగాను. నా గొంతు మామూలుగానే ఉంది. డబ్బా మూత తీస్తూ, నీ మొహం చూస్తే తెలియదా అన్నాడు.

అన్నం ఎలా తిన్నానో తెలియదు. పూర్తిగా తిన్నాను, డబ్బా కడుక్కున్నాను కూడా.

యంత్రాల గదిలో కూచుని కవరు విప్పాను. కేంద్రం ముద్ర, సంతకం, ఇవాళ్టి తేదీ, అన్నీ ఉన్నాయి. రెండు వారాలు బతిమాలితే రానిది, పోస్టు రద్దయిందని తెలియగానే ఒక్క రాత్రిలో వచ్చింది. ఇక దానికి విలువ లేదనుకున్నాడు కాబట్టి ఇచ్చాడు. చెల్లని నాణెం దానం చేసి పుణ్యం కూడా మిగుల్చుకుందామనుకున్నాడు.

చదివాను. రెండు పేజీలు. నేను పని ఎలా చేస్తానో, ఏది చూసి ఆగుతానో, ఎక్కడ మొండికేస్తానో, ఎంత కష్టంలోనూ ముసలమ్మని ఒక్కరోజు కూడా ఆపలేదన్నదీ. ఒక్క అబద్ధం లేదు, ఒక్క అతిశయోక్తి లేదు. నా గురించి ఇంత బాగా రాయగలవాళ్ళు ఇంకెవరూ లేరు. నన్నంతగా చదివినవాళ్ళు లేరు మరి.

ఏడ్చాను. యంత్రాల హోరులో ఎవరికీ వినపడదు.

మార్చి 20, గురువారం

ఉత్తరం పోస్టులో వెయ్యలేదు. పూటకి సెలవు పెట్టి కొరియర్ ఆఫీసుకి వెళ్ళి నా చేత్తో ఇచ్చి రసీదు తీసుకున్నాను. కౌంటర్లో మనిషి అందులో ఏముందని అడిగాడు. కాగితాలు అన్నాను.

మార్చి 24, సోమవారం

కొత్తకోడలి మీద ఆ లైను ఇంకా అలాగే ఉంచాను. ఎందుకుంచానో నాకు తెలుసు. అక్క తియ్యమంటోంది. నువ్వు కూడా వాడిలాగే తయారవుతావే అంది. మూడు రోజులు ఆగమన్నాను.

అతనితో రోజూ భోజనం చేస్తున్నాను. తన మెయిల్స్ ఇప్పుడు బాగా వస్తున్నాయట.

మార్చి 26, బుధవారం

పది గంటల పన్నెండు నిమిషాలకి సముద్రం వాళ్ళ మెయిల్ వచ్చింది. మీ హెడ్డు గారి ఉత్తరం అందింది, ఇంత చక్కటి సిఫారసు మేమెప్పుడూ చూడలేదు, నియామకం ఖాయమైంది, మే ఒకటిన చేరండి. రెండు పెట్టెల్లోనూ పడింది.

భోజనానికి అతను పావుగంట ఆలస్యంగా వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. దొంగకి తేలు కుట్టడమంటే ఏమిటో ఇన్నాళ్ళూ మాటగానే విన్నాను, ఇవాళ ఎదురుగా చూశాను. అరవలేడు. ఆ ఉత్తరం నేను నీకిచ్చింది వాళ్ళకి పంపడానికి కాదు అనలేడు. పోస్టు రద్దయిందన్నారే అని అడగలేడు, అన్నది ఎవరంటే ఏం చెబుతాడు? ఏమిటి విశేషాలు అన్నాడు. ఏమీ లేవన్నయ్యా అన్నాను. చెంచాతో మెతుకులు అటూ ఇటూ జరుపుతూ కూచున్నాడు. నేను లేచి వెళ్ళిపోవచ్చు. కూచునే ఉన్నాను. అంతసేపు ఎదురుచూసింది ఒక్క మాట కోసం. తప్పయిందమ్మా అంటే చాలు, అక్కడే క్షమించేసేదాన్నేమో, నా సంగతి నాకు తెలుసు.

చివరికి డబ్బా మూత పెట్టి, నా వంక చూడకుండా అడిగాడు.

"ఆ పాత ఫైలు ఎక్కించావు కదా. చదివే ఎక్కించావా?"

"చదివే ఎక్కించానన్నయ్యా."

తలూపాడు. కుర్చీ వెనక్కి జరిపాడు. కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు చాలాసేపు కడుక్కుని, అటునుంచి అటే మెట్లెక్కి తన గదికి వెళ్ళిపోయాడు. నేను అన్నయ్యా అని పిలవడం అదే ఆఖరు. అప్పుడు పిలవాలని పిలవలేదు, నోటికి అలవాటై వచ్చేసింది.

గెలిచానని అనిపించలేదు. ఇంట్లో మనిషి పోయినట్టుంది.

మూడింటికి ఆ లైను తీసేశాను, ముసలమ్మ దగ్గరా కొత్తకోడలి దగ్గరా. మూడు యంత్రాల్నీ మళ్ళీ నూట నలభై మూడు పేర్లూ అడిగాను. ఎక్కడా తేడా లేదు.

మార్చి 27, గురువారం

ఉద్యోగం సంగతి రాత్రే అమ్మకి చెప్పాను. మెట్లు లేని ఇల్లనేసరికి ఊరేది, జీతమెంత అని కూడా అడగలేదు. పొద్దున కాఫీ ఇస్తూ మాత్రం, ఆ ఉత్తరం రాసిపెట్టింది మీ అన్నయ్యేగా, మనం వెళ్ళేలోగా ఒక పూట భోజనానికి పిలవవే అంది. పరాయివాడయ్యుండీ సొంత అన్నలా నిలబడ్డాడు, అలాంటి మనుషులు ఈ రోజుల్లో ఎక్కడున్నారు అంది.

పిలిచానమ్మా, కుదరదన్నాడు అని చెప్పాను.

అమ్మకి అతను అలాగే ఉండనీ.